రెండు తలల తీగ

ముందుగా ఒక మనవి. ఈ వారం కూడా కాగితాలు ఆలస్యంగా పంపాను. పత్రిక ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఏడో ఏట. చెయ్యి ఇంకా నత్తనడకే నడుస్తుంది. ఒత్తులు జారిపోయినా, దీర్ఘాలు పొట్టివైపోయినా మన్నించండి. చెప్పే విషయంలో మాత్రం తప్పు లేకుండా చూసుకున్నాను.

పోయిన వారం ఎక్కడ ఆపానో గుర్తుందా? ముందురోజు సాయంత్రం గాలివానకి మా వీధిలో కరెంటు తీగలు తెగిపడ్డాయి. తెల్లారినా కరెంటు రాలేదు. మా ఇంటికి మధ్యలో గోడ. గోడకి ఇటు పెద్ద వాటా, అందులో నేనొక్కదాన్నే. అటు చిన్న వాటా, అందులో మా మరిది, తోటికోడలు. వాళ్ల నడిమి గదిలో పొదుగు పెట్టె ఉంది. అందులో మూడు వందల గుడ్లు. ఆరోజుకి పంతొమ్మిదో రోజు. ఇంకో రెండు రోజులు వెచ్చగా ఉంచితే మూడు వందల పిల్లలు. చల్లబడితే మూడు వందల రాళ్లు.

రాత్రంతా ఆ పెట్టెకి దుప్పట్లు చుట్టి, వేడినీళ్ల సీసాలు మార్చి మార్చి పెట్టాం. పొద్దున్నే మరిది ఎక్కడినుంచో జనరేటరు తెచ్చి, వరండాలో నడిమి గది కిటికీ కింద పెట్టాడు. ఒక తీగకి రెండు చివరలా ప్లగ్గులు బిగించాడు. ఒక ప్లగ్గు జనరేటరులో, రెండోది నడిమి గది గోడకున్న సాకెట్‌లో. అక్కడినుంచి కరెంటు గోడలోకెళ్లి ఇల్లంతా పారుతుందని అతని లెక్క. జనరేటరు తాడు మీద చెయ్యి వేశాడు. అప్పుడే నేను గుమ్మంలోకి వచ్చాను.

ఇక చదవండి.

* * *

"ఆగు!" అన్నాను.

మరిది తల తిప్పి చూశాడు. ఒళ్లంతా చెమట, చెంప మీద నూనె మరక, మొహం మాత్రం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతోంది. ఏ యంత్రం చేతికొచ్చినా అతను అంతే. మావారు బతికున్న రోజుల్లో అతన్ని 'సగం ఇంజనీరు' అనేవారు. విప్పడం పూర్తిగా వచ్చు, బిగించడం సగమే వచ్చు అని.

"ఏంటి వదినా, మంచి ముహూర్తంలో తుమ్మినట్టు!"

"ఆ తీగ ముందు గోడలోంచి తియ్యి."

"ఎందుకు?"

ఎందుకంటే చెప్పడానికి నా దగ్గర సగమే ఉంది. మావారు నలభై ఏళ్లు ఇళ్లకి కరెంటు తీగలు వేసిన మనిషి. ఒకసారి ఎవరింట్లోనో ఇలాంటి తీగ చూసి, అక్కడికక్కడే కత్తెరతో రెండు ముక్కలు చేసి వచ్చారు. భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు ఆ పూట. "అది రెండు తలల పామే. ఒక తలకి కరెంటు తగిలిందంటే రెండో తల నాలుక చాపుకుని కూర్చుంటుంది. ఎవరి వేలు తగిలితే వాళ్లు పోతారు" అన్నారు. ఇంకా ఏదో అన్నారు. వీధి గురించి, స్తంభం గురించి. నేను అప్పుడు కూర తిప్పుతున్నాను. సగం విన్నాను.

"మీ అన్నయ్య ఆ తీగని రెండు తలల పాము అనేవారు" అన్నాను.

"అన్నయ్యకి అన్నీ పాములే. ఎలక తోక చూసినా పామే అనేవాడు." మరిది నవ్వాడు. "వదినా, ప్లగ్గు గోడలో గట్టిగా దిగింది. ఎవరూ ముట్టుకోరు. ఇంకేంటి భయం?"

"వీధిలో మనిషి పని చేస్తున్నాడు."

కిటికీలోంచి చూపించాను. మా ఇంటికి మూడో స్తంభం మీద లైన్‌మన్ ఉన్నాడు. పసుపు టోపీ, నడుముకి తోలు పట్టీ. ఆయన్ని వీధి అంతా 'పొడుగాయన' అంటుంది. ఆయన నిచ్చెన వెయ్యకుండానే సగం స్తంభం అందుకుంటాడని మావారు ఏడిపించేవారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు పీకేసి, పొద్దున్నుంచి వట్టి చేతులతో తెగిన తీగల్ని లాగి ముడి వేస్తున్నాడు.

"ఆయన తీగ పట్టుకున్నాడు. నువ్వు ఇక్కడ కరెంటు పుట్టిస్తున్నావు" అన్నాను.

"అబ్బా, అదా!" మరిది లేచి నిలబడ్డాడు. నా చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లాడు. అక్కడ గోడకి వాళ్ల మెయిన్ స్విచ్చు. దాని పిడి కిందికి దించి ఉంది. పైగా ఎవరూ ఎత్తకుండా గుడ్డపీలికతో కట్టి ఉంచాడు. "చూడు. నేనంత తెలివితక్కువ వాణ్నా? మెయిన్ ఆపేశాను. ఇది ఆపేస్తే మా ఇంట్లోంచి చీమ కూడా బయటికి పోదు. లోపల పుట్టింది లోపలే తిరుగుతుంది. అయ్యిందా?"

అతను చెప్పింది సబబుగానే ఉంది. తలుపు గడియ పెట్టాక దొంగ లోపలికి రాలేడు, లోపలివాడు బయటికి పోలేడు. నడిమి గదిలోంచి తోటికోడలు పిలిచింది.

"అక్కా, ఇలా రా, ఇది విను."

పెట్టె పక్కన నేల మీద కూర్చుని, దుప్పటి కింద నుంచి ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించింది. లోపల గోకుతున్నట్టు చిన్న చప్పుడు. కొయ్యని గోటితో గీరితే వచ్చేంత.

"ముక్కుతో పొడుస్తోంది. బతికే ఉంది అక్కా! కానీ పెట్టె చల్లబడిపోతోంది. సీసాలు ఇక పని చెయ్యడం లేదు." ఆవిడ కళ్లు నిద్ర లేక ఎర్రబడ్డాయి. "నీకేదైనా తెలిస్తే చెప్పు. తెలియకపోతే ఆయన్ని చెయ్యనివ్వు."

తెలిస్తే చెప్పు. అదే నా బాధ. భయం ఉంది, కారణం లేదు. మావారు సగం చెప్పిన మాటలో ఆ రెండో సగం ఎక్కడో ఉంది. ఎక్కడ?

అప్పుడు గుర్తొచ్చింది. నల్ల అట్ట పుస్తకం.

ఆయన వైరింగు వేసిన ప్రతి ఇంటికీ అందులో ఒక పేజీ ఉంటుంది. ఏ తీగ ఎటు పోయిందో, ఎక్కడ అతుకు వేశారో, ఏది మళ్లీ మార్చాలో. ఆయన పోయాక ఆ పుస్తకం కోసమే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఐదేళ్లుగా రోజుకి నాలుగు వరుసలు చదువుతున్నాను. ఇంకా సగం దాటలేదు.

"పది నిమిషాలు ఆగు. మీ అన్నయ్య పుస్తకం చూసొస్తాను."

"నువ్వు? చదివా?" మరిది నెత్తి కొట్టుకున్నాడు. "వదినా, నువ్వు చదివేలోపు ఈ పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చి, వాటంతట అవే చదివి చెబుతాయి."

"చెబితే మంచిదే. నీకంటే కోడిపిల్లలే నయం, చెబితే వింటాయి."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే!"

"ఈకలు కాదయ్యా, ప్రాణాలు. పది నిమిషాలు."

"ఐదు" అన్నాడు. తోటికోడలు అతని వంక చూసింది. "సరే, పది. గడియారం చూస్తుంటాను. పదకొండో నిమిషం ఆగను."

* * *

గోడ చుట్టు తిరిగి నా వాటాలోకి వచ్చేసరికి ఒక నిమిషం. ట్రంకు పెట్టె అడుగు నుంచి పుస్తకం తియ్యడానికి ఇంకో నిమిషం. కళ్లజోడు నెత్తి మీదే ఉంచుకుని ఇల్లంతా వెతకడానికి రెండు.

మా ఇంటి పేజీ ఎక్కడుందో నాకు తెలియదు. వరస ప్రకారం చదువుతున్నాను కదా, ఇంకా అక్కడికి రాలేదు. పేజీలు తిప్పుతూ పైన ఉన్న మాటలు మాత్రం చూసుకుంటూ పోయాను. 'బడి వెనక ఇల్లు.' కాదు. 'పిండిమర.' కాదు. 'డాక్టరు గారి మేడ.' కాదు. చివరికి చివరి పేజీలకి వచ్చాను. అక్కడ చేతిరాత మారింది. ఆయనకి చేతులు వణకడం మొదలైన రోజులవి. గోడ కట్టింది అప్పుడే. గోడ కట్టిన రెండో నెలలో ఆయన పోయారు.

పైన ఉంది. మ. న. మన. ఇ. ల్లు. మన ఇల్లు.

దొరికింది!

వేలు పెట్టుకుని మొదలుపెట్టాను. 'రెండు వాటాలు. రెండు మీటర్లు.' ఇది తెలిసిందే. తరవాతి వరుస. న. డి. మి.

కిటికీ అవతల నుంచి చప్పుడు. ఘుర్ర్... ఠప్. జనరేటరు తాడు లాగిన చప్పుడు. ఇంజను అంటుకోలేదు.

"ఇంకా పది నిమిషాలు కాలేదు!" అని అరిచాను.

"అయ్యింది! పన్నెండు!" గోడ అవతల నుంచి మరిది అరిచాడు. "నువ్వు చదువుకో వదినా, నేను వేడి చేసుకుంటుంటాను!"

న. డి. మి. గ. ది. నడిమి గది.

ఘుర్ర్... ఠప్. రెండోసారి.

'నడిమి గది తమ్ముడి వాటాకి వచ్చింది.' వచ్చింది సరే. ఎవరికి తెలియదు? చీట్లు వేస్తే వాళ్లకి వచ్చింది. తరవాతేంటి? అక్షరాలు నా కళ్ల ముందు చీమల్లా పాకుతున్నాయి. చెమట కళ్లజోడు మీద పడుతోంది. మావారి మీద ఎప్పుడూ రానంత కోపం వచ్చింది. ఈ మాట ఒక్కటి నోటితో చెప్పి పోకూడదా?

"పెట్రోలు మీట తిప్పలేదురా బాబూ!" మరిది తనని తనే తిట్టుకున్నాడు. ఆ మీట తిప్పిన చప్పుడు కూడా వినిపించింది. గోడ అంత పల్చన.

తీ. గ. తీగ. మా. త్రం. తీగ మాత్రం.

ఘుర్ర్... ఘుర్ర్... ఠప్.

మ. న. మన. మీ. ట. రు. మన మీటరు. మీ. దే. మీదే. ఉం. ది.

'తీగ మాత్రం మన మీటరు మీదే ఉంది.'

ఒకసారి చదివితే అర్థం కాలేదు. రెండోసారి చదివాను.

నడిమి గది వాళ్లది. ఆ గదికి వెళ్లే తీగ నాది. ఇల్లు పంచుకున్నప్పుడు గదులు పంచుకున్నారు, తలుపులు పంచుకున్నారు, చివరికి గోడకి కొట్టిన మేకులు కూడా పంచుకున్నారు. గోడలో ఉన్న తీగని ఎవరూ పంచలేదు. అది ఇప్పటికీ నా వాటాలోని మెయిన్ పెట్టెలోంచే పోతోంది. మరిది తన మెయిన్ ఆపాడు. గుడ్డతో కట్టాడు కూడా. కానీ ఆ గదికీ ఆ మెయిన్‌కీ సంబంధమే లేదు. దొంగని పక్కింట్లో పెట్టి మనింటికి గడియ వేసినట్టు.

నా మెయిన్? నా మెయిన్ ఎత్తే ఉంది!

ఇప్పుడు ఆయన చెప్పిన రెండో సగం కూడా ఎవరో చెవిలో చెప్పినట్టు వచ్చింది. "వీధిలోంచి ఇంట్లోకి వచ్చిన దారినే ఇంట్లోంచి వీధిలోకీ పోతుందే. కరెంటుకి వచ్చే దారి, పోయే దారి వేరు వేరుగా ఉండవు. స్తంభం మీద ఉన్నవాడికి ఒక్క క్షణం చాలు."

"ఆపు! ఆపరా!" అని అరిచాను. మరిదిని 'రా' అన్నది నా జన్మలో అదే మొదలు.

ఆ అరుపు పూర్తికాకముందే ఇంజను అంటుకుంది.

దడదడదడమని ఇల్లంతా అదిరింది. ఇక నేను అరిచినా నాకే వినబడలేదు. కానీ ఇంజను తిరిగినంత మాత్రాన కరెంటు బయటికి రాదు. ముందువైపు ఒక మీట ఉంటుంది, అది ఎత్తాలి. పొద్దున మరిది చూపించి మరీ మురిసిపోయాడు. అతను చోక్ సర్ది, చెయ్యి తుడుచుకుని, ఆ మీట ఎత్తడానికి ఎంతసేపు? గోడ చుట్టు తిరిగి పరిగెత్తడానికి నాకు ఎంతసేపు?

పరిగెత్తలేదు. వెనక్కి తిరిగాను. నా వెనకే, నాలుగు అడుగుల్లో, నా మెయిన్ పెట్టె ఉంది. ఇనప పెట్టె, పక్కన ఇనప పిడి. ఆయన పోయాక ఆ పిడిని ఎవరూ ముట్టుకోలేదు. ఎనిమిదేళ్లు. ఒక చేత్తో లాగాను. కదల్లేదు. రెండు చేతులతో లాగాను. మూలిగింది, దిగలేదు. తుప్పు!

ఇంక ఆలోచించలేదు. కాళ్లు పైకి తీసుకుని, కొమ్మకి వేలాడినట్టు, ఒళ్లంతా దాని మీద వేసి వేలాడాను.

ఠక్.

పిడి కిందికి వచ్చింది. దానితోపాటు నేనూ వచ్చాను. నడుము విరిగినంత పనైంది.

నేల మీద పడి పైకి చూస్తున్నాను. ఆ చూస్తుండగానే, నా నెత్తిన వేలాడుతున్న బల్బు వెలిగింది.

ఫ్యాను కూడా తిరగడం మొదలుపెట్టింది. ముందురోజు సాయంత్రం కరెంటు పోయినప్పుడు స్విచ్చులు ఆపడం మరచిపోయాను. నా మెయిన్ ఆపేసి ఉంది. వీధిలో కరెంటు లేదు. అయినా నా బల్బు వెలుగుతోంది, నా ఫ్యాను తిరుగుతోంది. మరిది జనరేటరు కరెంటు నడిమి గది గోడలో దూరి, గోడ కింది నుంచి నా వాటాలోకి వచ్చి, నా మెయిన్ పెట్టె దాకా వచ్చి ఆగింది. పిడి ఒక్క క్షణం ఆలస్యంగా దిగి ఉంటే అది వీధిలోకి పోయేది. మూడో స్తంభం దాకా.

గోడ అవతల నుంచి మరిది కేక. "వచ్చింది! పెట్టెలో దీపం వచ్చింది!" వెంటనే తోటికోడలి గొంతు. "ఏం వచ్చింది? హాల్లో లేదు, వంటింట్లో లేదు, వరండాలో లేదు. ఇంటికంతా వస్తుందన్నావు కదా?"

కుంటుకుంటూ గోడ చుట్టు తిరిగి వెళ్లాను. మరిది భుజం పట్టుకుని, లాక్కొచ్చి, నా గది గుమ్మంలో నిలబెట్టాను. పైకి చూపించాను. బల్బు. ఫ్యాను. తరవాత మెయిన్ పెట్టె. పిడి కిందికి ఉంది.

అతను బల్బు చూశాడు. పిడి చూశాడు. మళ్లీ బల్బు చూశాడు. సగం ఇంజనీరుకి ఆ మిగతా సగం అప్పుడే వచ్చినట్టుంది.

"నా మెయిన్..." అన్నాడు.

"నీ మెయిన్‌కి గుడ్డ కట్టావు. పాము నా పుట్టలోంచి పోతోంది."

పరిగెత్తాడు. ఇంజను ఆగింది. చెవులు గుయ్యిమన్నాయి.

* * *

కేకలు విని పొడుగాయన స్తంభం దిగి వచ్చాడు. గోడలోకి దూరిన తీగని చూశాడు. ప్లగ్గు పీకి, ఆ రెండో తలని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత మెల్లగా మెట్టు మీద కూర్చుని టోపీ తీశాడు.

"ఎప్పుడు వేశారు?"

"ఇప్పుడే" అంది తోటికోడలు.

"ఇప్పుడే నేను రెండు తీగలూ రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాను" అన్నాడాయన.

మరిది ఆయన ముందు నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని వాడిలా వాటిని వెనక్కి పెట్టుకున్నాడు. "తప్పు నాది. మెయిన్ ఆపాననుకున్నాను. నీ కాళ్లు..."

"నా కాళ్లు నేల మీదే ఉన్నాయిలే, ఈవిడ పుణ్యాన. వాటి సంగతి వదిలెయ్యి." ఆయన నా వంక తిరిగాడు. "ఎలా తెలిసిందమ్మా?"

"మావారు రాసి పెట్టారు. నేనే ఇవాళ్టిదాకా చదవలేదు."

"స్తంభం ఎక్కే ముందు తీగల్ని గొలుసుతో భూమికి కలుపుకోవాలి. ఆ గొలుసు పక్క వీధి వాళ్లు పట్టుకెళ్లారు. ఒక్క స్తంభమే కదా అని ఎక్కేశాను." ఆయన తల వంచుకున్నాడు. "తప్పు నీ ఒక్కడిదే కాదులే తమ్ముడూ."

తోటికోడలు తలుపు దగ్గర నిలబడి గుడ్డుని రెండు చేతుల మధ్య పెట్టుకుని ఉంది. ఏడవడం లేదు, అడగడం లేదు. అడిగితే బాగుండదని ఆవిడకి తెలుసు. పొడుగాయనే చూశాడు.

"అదేంటమ్మా చేతిలో?"

"పిల్ల. లోపల పొడుస్తోంది."

ఆయన గుడ్డు తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. ఆ పొడుగాటి మనిషి మొహం ఒక్కసారిగా మారిపోయింది. "ఓరి దీన్నిల్లు బంగారంగానూ!" అని లేచాడు. "పట్టండయ్యా ఆ జనరేటరు!"

పది నిమిషాల్లో అంతా చేసి చూపించాడు. ముందు జనరేటరుని వరండా నుంచి పెరట్లోకి, కిటికీలకి దూరంగా మోయించాడు. "దీని పొగలో విషం ఉంటుంది, దానికి వాసన ఉండదు, మత్తు ఎక్కేది కూడా తెలియదు. కిటికీ కింద పెడితే గుడ్లూ పోతాయి, మీరూ పోతారు." తరవాత ఆ రెండు తలల తీగకి ఒక తల కోసేశాడు. దాని చోట సాకెట్లున్న పెట్టె బిగించాడు. గోడతో పని లేకుండా జనరేటరు నుంచి తీగ నేరుగా పొదుగు పెట్టెకి వచ్చింది. పెట్టెలో దీపం వెలిగింది. తోటికోడలు దుప్పట్లు ఒక్కొక్కటే తీసింది.

"ఇంటికంతా కావాలంటే?" అన్నాడు మరిది. అప్పటికి అతని ప్రాణం కాస్త కుదుటపడింది.

"కావాలంటే మెయిన్ దగ్గర చేంజోవర్ పెట్టించుకో. దానికి పిడి ఒకటే ఉంటుంది. పైకెత్తితే వీధి కరెంటు, కిందికి దించితే జనరేటరు. రెండూ ఒకేసారి కలవడం దానివల్ల కాదు. మనిషి మరచిపోయినా అది మరచిపోదు. అది కూడా ముందు ఈ గోడలో తీగలు విడదీయించాకే."

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు" అన్నాను.

"అదేనమ్మా."

అప్పుడు నాకు ఇంకోటి తట్టింది. రెండేళ్లుగా నా మీటరు చక్రం బొంగరంలా తిరుగుతోంది. మీటరు చూసే ఆయన వచ్చినప్పుడల్లా "ఒక్కరే ఉంటారు, ఇంట్లో ఏం నడుపుతున్నారమ్మా?" అని అడిగేవాడు. నేను మీటరు చెడిపోయిందనుకున్నాను.

"ఏమయ్యా మరిదీ, రెండేళ్లుగా నీ కోడిపిల్లలన్నీ నా కరెంటు తాగి పుడుతున్నాయన్నమాట!"

అందరం నవ్వాం. భయం పోయాక వచ్చే నవ్వు ఎలా ఉంటుందో తెలుసు కదా, కడుపు పట్టుకుని, కళ్లనీళ్లు కార్చుకుని నవ్వాం. పొడుగాయన కూడా నవ్వాడు. పట్టీ బిగించుకుని, "ఇంకో గంటలో మీకు వీధి కరెంటే ఇచ్చేస్తాను. నా ముడి సగంలో ఉంది" అని వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే పసుపు టోపీ మళ్లీ స్తంభం ఎక్కుతోంది.

మరిది నా దగ్గరకి వచ్చాడు. పుస్తకం ఇంకా నా చంకలోనే ఉంది. "అన్నయ్య ఇంకేం రాశాడు వదినా?"

తెరిచి చదివాను. ఈసారి తొందర లేదు. "విడదీయాలి. తమ్ముడికి చెప్పాలి."

మరిది గోడ వంక తిరిగి నిలబడ్డాడు. ఆ గోడ లేచాక అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోలేదు. ఆయన పోయేదాకా మాట్లాడుకోలేదు. "ఇవాళ చెప్పాడు" అన్నాడు.

నేను చీపురు తీసుకున్నాను. ఇల్లంతా తీగ తొక్కలు, స్క్రూలు, అట్టముక్కలు. వాటిని ఊడ్చి ఒక మూలకి చేరుస్తున్నాను. ప్లగ్గులు వచ్చిన ఖాళీ అట్టపెట్టెలు చీపురుకి అడ్డం వచ్చాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది గానీ లెక్క పుట్టుకతోనే వచ్చింది. ఒక తీగకి రెండు తలలు. రెండు తలలకి రెండు పెట్టెలు. మిగతా రెండు పెట్టెలు ఎందుకున్నాయి?

"మరిదీ, ఇలాంటివి ఎన్ని చేశావు?"

అతను ముందు గర్వంగానే చెప్పాడు. అలవాటు కదా. "రెండు! ఒకటి పొద్దున్నే మీ అల్లుడు పట్టుకెళ్లాడు. కొట్లో ఐస్ కరిగిపోతోందట. వాళ్ల స్నేహితుడి జనరేటరు రాగానే..." అంటూ ఆ మాట మధ్యలోనే ఆగిపోయాడు.

మా అల్లుడికి వీధి చివర ఐస్ కొట్టు. మూడో స్తంభానికి అవతల, అవే తీగల మీద.

"మెయిన్ ఆపమని చెప్పావా?"

"చెప్పాననే... చెప్పాను... చెప్పానో లేదో గుర్తులేదు వదినా!"

తోటికోడలు అప్పటికే ఫోను చేస్తోంది. "మోగుతోంది, ఎత్తడం లేదు" అంది. ఎలా ఎత్తుతాడు? చెవి పక్కన ఇంజను దడదడలాడుతుంటే ఫోను వినబడుతుందా?

ఆ మాట నా తలలో మెదలగానే చెవులు రిక్కించాను. మా జనరేటరు పెరట్లో మోగుతోంది. ఇంతసేపూ అదొక్కటే మోగుతోందనుకున్నాను.

"మనది ఆపు. ఒక్కసారి ఆపు. వినాలి."

మరిది పెరట్లోకి దూకాడు. మీట నొక్కాడు. మా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

చప్పుడు ఆగలేదు. వీధి చివర నుంచి వస్తోంది.

* * *

మిగతాది వచ్చే వారం.

ఇట్లు,
పెద్ద వాటా వదిన. నన్ను మా వీధిలో అందరూ అలాగే పిలుస్తారు, నాకూ అదే ఇష్టం.
వయసు: అరవై మూడు.
ఇప్పుడు ఉంటున్నది: అదే ఇంట్లో. నడిమి గోడ ఇప్పుడు లేదు.